నాలుగు రోజుల్లో సీమంతా వద్దు, ఈ ఒక్క దారి పట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను, తర్వాత చదివేవాళ్లకు పనికొస్తుంది. హైదరాబాద్ నుంచి మీరు, మీ ఆవిడ, పదేళ్ల పాప. చిన్న పెట్రోల్ కారు. జనవరి నెలాఖరులో నాలుగు రోజులు. శ్రీశైలం, అహోబిలం, యాగంటి, బెలుం, గండికోట, లేపాక్షి అన్నీ చూడాలని లిస్టు వేసుకున్నారు. దాని కిందే, జనం పెద్దగా లేని పాత రోడ్ల మీద తీరిగ్గా పోవాలని ఉంది, రాయలసీమలో అది సేఫేనా, గండికోట అంచున టెంట్ వేసుకోవచ్చా అని కూడా అడిగారు.

ఆ లిస్టుకూ ఈ కోరికకూ పొత్తు కుదరదు. శ్రీశైలం ఒక కొస, లేపాక్షి ఇంకో కొస. మధ్యలో నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. మొత్తం తిరిగి ఇల్లు చేరేసరికి నాలుగు రోజులూ హైవే డివైడర్లు చూసినట్టే అవుతుంది. నేను ఉండేది నంద్యాలలో. విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం చేసి రిటైరయ్యాను. కర్నూలు, కడప, అనంతపురం పల్లెల్లో తిరగడమే నా పని కాబట్టి ఈ రోడ్లు తెలుసు. తెలిసినవాడిగా నేను చెప్పేది ఒక్కటే. ఇక్కడ ముప్పై కిలోమీటర్లకోసారి కాళ్ల కింద నేల మారిపోతుంది. అది కనిపించాలంటే హైవే దిగాలి, దిగాక రోజుకు వంద కిలోమీటర్లు దాటకూడదు, మధ్యాహ్నం పూట బండి నీడలో ఉండాలి. చూసే ఊళ్ల సంఖ్య తగ్గితే తగ్గనివ్వండి.

ముందు కొన్ని కొట్టేద్దాం. శ్రీశైలం వద్దు. ఆత్మకూరు–దోర్నాల దారి నిజంగా అందమైనదే, కానీ అది పులుల అభయారణ్యం మధ్యలోంచి పోతుంది, రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు. అడవిలో ఆగకూడదు, దిగకూడదు. తీరిగ్గా పోవాలనుకునేవాళ్లకు అది సరిపడే రోడ్డు కాదు. అహోబిలం అంటే దిగువన ఒక గుడి, ఎగువన ఒక గుడి చూసి వచ్చేయడం కాదు. తొమ్మిది నరసింహ క్షేత్రాల్లో కొన్నింటికి రాళ్లెక్కి నడవాలి, దానికే రెండు రోజులు పెట్టుకోవాలి. లేపాక్షి బెంగళూరు పక్కన ఉన్నట్టే లెక్క, దాని సంగతి చివర్లో చెబుతాను.

మిగిలినవి యాగంటి, బెలుం, గండికోట. వీటిని కలిపే దారి ఇది: కర్నూలు, డోన్, బేతంచెర్ల, బనగానపల్లె, ఔకు, బెలుం, తాడిపత్రి, కొండాపురం, ముద్దనూరు, జమ్మలమడుగు, గండికోట. వెనక్కి వచ్చేటప్పుడు కోయిలకుంట్ల, నంద్యాల, పాణ్యం, కర్నూలు. ఈ పేర్లు మీకు బస్సు బోర్డుల మీద ఊళ్ల పేర్లుగానే కనిపిస్తాయి. భూగర్భశాస్త్రం చదివినవాళ్లకు ఇవి రాతి పొరల పేర్లు. తాడిపత్రి, గండికోట అన్నవి వంద కోట్ల సంవత్సరాలు దాటిన కడప రాతి పొరల్లోవి. వాటి పైన కర్నూలు వర్గం అనే పొరలు: అడుగున బనగానపల్లె, దాని మీద నార్జి, ఆపైన ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, అన్నిటికన్నా పైన నంద్యాల. ఆ వరసలోనే మీ కారు పోదు, ముందు వెనకలవుతుంది. అయినా పాపకు ఒక నోటుబుక్కు ఇచ్చి, ఊరు మారినప్పుడల్లా రోడ్డు పక్క రాయి రంగు రాసుకోమనండి. ఫోన్ అడగదు.

మొదటి రోజు ఉదయం 5కల్లా ఇల్లు కదలండి. డోన్ దాకా 44వ నంబరు హైవే. ఇది నెమ్మదిగా పోయే లెక్కలోకి రాదు. నాలుగు లేన్ల రోడ్డు మీద నలభైలో పోతే మీకూ ముప్పే, వెనకొచ్చేవాడికీ ముప్పే. కర్నూలులో గానీ డోన్‌లో గానీ ఉగ్గాని, మిరపకాయ బజ్జి తినండి. బొరుగులు నీళ్లలో తడిపి, పిండి, తాలింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లుతారు. బండ్ల దగ్గర పొద్దెక్కితే అయిపోతుంది, పదింటికి వెళ్లి లేదంటే అడగను కూడా అడగొద్దు. డోన్‌లో పెట్రోల్ నిండా కొట్టించుకుని, హైవే దిగి, బేతంచెర్ల రోడ్డు ఎక్కండి. అక్కడి నుంచి ఏసీ ఆపి అద్దాలు దించండి.

బేతంచెర్ల దగ్గర పడుతున్నామంటే ముందు తెలిసేది రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద బూడిద రంగు దుమ్ము. నాపరాళ్లు కోసి, పాలిష్ పట్టే యూనిట్లు రోడ్డుకు రెండు పక్కలా ఉంటాయి. మీ అపార్ట్‌మెంటులో, మీ అమ్మమ్మగారి ఇంట్లో ఎక్కడో ఒకచోట ఈ రాయి మీద మీరు నడిచే ఉంటారు. రంపం తిరిగేటప్పుడు నీళ్లు పోస్తుంటారు, ఆ నీళ్లతో కొట్టుకొచ్చిన రాతి బురద ఎండి గుట్టలుగా పడి ఉంటుంది. చూడ్డానికి అందంగా ఉండదు, కానీ దాన్ని దాటేసి పోకండి. ఒక యూనిట్ దగ్గర ఆగి అడిగితే లోపలికి రానిస్తారు. పాపను మాత్రం రంపాలకు దూరంగా పెట్టండి.

ఊరు దాటాక చేల గట్లు చూడండి. ఇక్కడ కంచెకు కర్రలుండవు. నడుమెత్తు నాపబండలు పక్కపక్కనే భూమిలో పాతి ఉంటాయి, రెండు మూడు అంగుళాల మందం, పైఅంచు ఎలా విరిగితే అలానే వదిలేస్తారు. దిగి ఒకదాని మీద వేలు మడిచి కొట్టండి. మంచి బండ ఖంగుమంటుంది, లోపల చీలిక ఉన్నది బొదబొదమంటుంది. రాయి కొనేవాళ్లు చూసుకునేది కూడా ఇలానే. పాత ఇళ్లకు గోడ ఇదే, అరుగు ఇదే, పైకప్పు కూడా ఇదే. పశువుల తొట్టి, బస్టాపులో కూర్చునే బల్ల కూడా వీటితోనే. సిమెంటు ఇళ్లు వచ్చాక కప్పులు మారిపోతున్నాయి గానీ కంచెలు ఇంకా ఉన్నాయి. బేతంచెర్ల దగ్గరే బిల్లసర్గం గుహలున్నాయి. 1880లలో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ తవ్వకాలు జరిపించి పాత జంతువుల ఎముకలు వెలికితీయించిన చోటు. తెలిసిన మనిషి వెంట లేకుండా, పిల్లతో అక్కడికి వెళ్లొద్దు.

బనగానపల్లె చేరి, లాడ్జిలో సామాను పడేసి, భోంచేసి, కాసేపు నడుము వాల్చండి. మూడున్నర దాటాక యాగంటికి బయల్దేరండి, పద్నాలుగు కిలోమీటర్ల లోపే. అందరూ పెరిగే నంది చూడ్డానికి వస్తారు. ఒకప్పుడు దాని చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లమని, ఇప్పుడు స్తంభాలు అడ్డం వస్తున్నాయని పెద్దవాళ్లు చెబుతారు. నాకు మాత్రం కోనేరే ఇష్టం. కొండలోంచి వచ్చే నీళ్లు ఎండాకాలంలోనూ ఆగవు. ఈ చుట్టుపక్కల బోర్లు ఎండిపోయే నేలలో అది ఎంత గొప్ప సంగతో రైతును అడిగితే చెబుతాడు. గుడి వెనక గుహలకు మెట్లు నిటారుగా ఉంటాయి, ఓపిక ఉంటేనే ఎక్కండి. బనగానపల్లె మామిడి గురించి అడుగుతారేమో, అది వేసవి పంట. జనవరిలో ఎవడైనా అమ్మితే కొనకండి.

రెండో రోజు ఔకు మీదుగా బెలుం. ఔకు రిజర్వాయర్ కట్ట మీద ఆగండి. ఆ నీళ్లు ఎక్కడివో పాపకు చెప్పండి. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీళ్లు పోతిరెడ్డిపాడు దగ్గర కాలువలో పడి, బనకచెర్ల, గోరకల్లు దాటి ఇక్కడికి వస్తాయి. కొండ అడ్డం వస్తే సొరంగం తవ్వి దాటించారు. ఇక్కడి నుంచి గండికోట రిజర్వాయర్‌కు పోతాయి. అంటే మీరూ నీళ్లూ ఒకే ఊరికి పోతున్నారు. లిస్టులోంచి శ్రీశైలం కొట్టేశానని బాధపడకండి, ఆ నీళ్లే మీ వెంట వస్తాయి.

ఔకు దాటాక రోడ్డు కొలిమిగుండ్ల వైపు పోతుంది. ఇక్కడ సిమెంటు ఫ్యాక్టరీల లారీలు, నాపరాయి లారీలు ఎక్కువ. బండలను నిలువుగా ఆనించి కట్టిన లారీ వెనక దగ్గరగా ఎప్పుడూ పోవద్దు. ఓవర్‌టేక్ చేయడానికి తొందరపడే బదులు ఒక టీ తాగి దాన్ని పోనివ్వడం మేలు.

బెలుం గుహలు బయటి నుంచి చూస్తే ఏమీ ఉండవు. చదునైన చేను మధ్య ఒక గుంత, అంతే. కొండ గుహ అనుకుని వచ్చినవాళ్లు ముందు నిరాశపడతారు. సున్నపురాయిని నేల కింది నీళ్లు తొలుచుకుంటూ పోతే అయిన గుహలివి. ఫూట్ 1884లో వీటి గురించి రాశాడు. తర్వాత వంద ఏళ్ల దాకా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1982, 83లలో డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్ బృందం వచ్చి కొలతలు తీసింది. పర్యాటక శాఖ దారులు, దీపాలు పెట్టి 2002లో జనానికి తెరిచింది. మొత్తం పొడవు 3229 మీటర్లు, మనల్ని తిరగనిచ్చేది అందులో సగం దాకా. గేటు పదింటి వేళకు తెరుస్తారు, తెరవగానే లోపల ఉండండి. మధ్యాహ్నానికి స్కూలు పిల్లల బస్సులు వస్తాయి. లోపల చల్లగా ఉంటుందని స్వెట్టర్ వేసుకుని పోయేవాళ్లను చూశాను. ఉక్కపోత, పది నిమిషాల్లో చెమటతో తడిసిపోతారు. గాలి వచ్చే గొట్టాల కింద ఆగి పోవడమే. బీపీ, ఆయాసం ఉన్నవాళ్లు గుహ అడుగున ఉన్న పాతాళగంగ దాకా దిగొద్దు. అన్నట్టు, బెలుం 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లాలో ఉంది, పాత బోర్డులు, వెబ్‌సైట్లు ఇంకా కర్నూలు అంటాయి.

బెలుం నుంచి తాడిపత్రి ముప్పై కిలోమీటర్లు. రాత్రికి అక్కడే ఉండండి. తాడిపత్రిని దారిలో వచ్చే లారీల ఊరు అనుకుని దాటిపోతారు చాలామంది. సాయంత్రం పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడికి వెళ్లండి. గోపురాలు పూర్తి కాలేదు. పైన శిఖరం లేకపోవడం వల్ల మన కళ్లు కింది చెక్కడం మీదే ఉంటాయి. మెడ పైకెత్తకుండా, కళ్లకు ఎదురుగా, మూరెడు దూరంలో అంత పని కనిపించే గోపురాలు తక్కువ. లింగం దగ్గర నీటి ఊట ఉంటుంది, బుగ్గ అంటే అదే. ఊళ్లో చింతల వెంకటరమణస్వామి గుడి కూడా ఉంది, వీలుంటే పొద్దున్నే చూడండి. వీటిని కట్టించిన పెమ్మసాని నాయకులే గండికోట ఏలినవాళ్లు. మర్నాడు మీరు పోయేది వాళ్ల కోటకే.

మూడో రోజు దారి నిజం చెప్పాలంటే మిగతావాటంత ఏకాంతం కాదు. తాడిపత్రి, కొండాపురం, ముద్దనూరు, జమ్మలమడుగు, అన్నీ 67వ నంబరు హైవే మీదే, లారీలుంటాయి. ఆరింటికే బయల్దేరితే బాధ తగ్గుతుంది. కొండాపురం దగ్గర కనిపించే నీళ్లు గండికోట రిజర్వాయర్‌వి. దాని సామర్థ్యం 26.85 టీఎంసీలు. తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ఆ నీళ్ల కింద ఉన్నాయి. ఒడ్డున నిలబడి ఫొటోలు దిగేటప్పుడు పక్కన ఎవరైనా పెద్దాయన నిలబడి అటు చూస్తుంటే, ఆయన చూసేది సీనరీ కాకపోవచ్చు. మీ ఊరు యాడన్నా అని అడగండి, వేలు పెట్టి నీళ్లలోకి చూపిస్తాడు. మునిగిన ఊళ్లవాళ్ల కోసం కట్టిన కాలనీలు దారిలోనే వస్తాయి, వరస ఇళ్లు, నిన్నమొన్న నాటిన వేపచెట్లు.

జమ్మలమడుగులో సంగటి, నాటుకోడి పులుసు. పాపకు కారం తట్టుకోవడం కష్టం, ముందే పెరుగు చెప్పండి. ఎండ తగ్గేదాకా అక్కడే ఉండి, మూడింటికి గండికోట చేరండి. దూరం పదిహేను కిలోమీటర్లు. హరిత హోటల్లో గది ముందే బుక్ చేసుకోండి. మీ నాలుగు రోజుల్లో శని, ఆదివారాలు ముందుగా వచ్చేట్టు, గండికోట సోమవారమో మంగళవారమో పడేట్టు చూసుకోండి. ఇది చాలా ముఖ్యం. రిపబ్లిక్ డే సెలవు కలిసొస్తే బెంగళూరు బైకులన్నీ అక్కడే ఉంటాయి, స్పీకర్లతో సహా.

కోట లోపల మసీదు, ధాన్యాగారం, మాధవస్వామి గుడి, రంగనాథుడి గుడి ఉన్నాయి. అందరూ వాటిని పరుగున చూసేసి లోయ అంచుకు పోతారు. నేనైతే తలకిందులు చేస్తాను. సాయంత్రం మొత్తం కోటలోనే గడపండి, ధాన్యాగారం పక్కన కూర్చోండి. 1652లో తావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వ్యాపారి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాకు ముత్యాలు అమ్ముకుందామని ఇక్కడికి వచ్చాడు. సముద్రం ఒడ్డు నుంచి ఈ కొండ దాకా ఎడ్లతో, మనుషులతో రావడానికి ఆయనకు ఎంత ఓపిక కావలసి వచ్చిందో, మీరు కారు తాళం జేబులో పెట్టుకుని లెక్కవేసుకోండి.

లోయను మర్నాడు తెల్లవారుజామున చూడండి. పెన్న ఎర్రమల కొండలను కోసుకుంటూ పోయిన చోటు అది, మూడు వందల అడుగుల లోతు ఉంటుందంటారు. చీకటితోనే వెళ్లి కూర్చుంటే మొదట కింద నీళ్లు కూడా తెలియవు. వెలుతురు వచ్చేకొద్దీ ఎదుటి గోడలో రాతి పొరలు ఒక్కొక్కటే విడివిడిగా కనబడతాయి, అడ్డంగా గీతలు గీసి, మళ్లీ నిలువుగా పగలగొట్టినట్టు పలకలు పలకలుగా. నిన్నటిదాకా చూసిన బూడిద రంగు నాపరాయి కాదిది, ఎరుపు తిరిగిన గట్టి రాయి. పాప నోటుబుక్కులో ఇక్కడ రంగు మారాలి. అంచున రెయిలింగ్ లేదు, గాలి ఉన్నట్టుండి తోస్తుంది. పిల్లల చెయ్యి వదలొద్దు. సెల్ఫీ కోసం చివరి బండ మీదికి వెళ్లే పెద్దలకు నేను చెప్పేదేమీ లేదు, చెప్పినా వినరు.

నాలుగో రోజు తొమ్మిదింటికల్లా కదిలి జమ్మలమడుగు నుంచి కోయిలకుంట్ల మీదుగా నంద్యాలకు రండి. ఈ దారిని ఎవరూ టూరిస్టు దారి అనరు, నాకు మొత్తంలో ఇష్టమైనది ఇదే. రాళ్లన్నీ మాయమై, చూసినంత మేర నల్లరేగడి. కంచెలుండవు, చెట్లు తక్కువ, ఆకాశం చాలా పెద్దగా ఉంటుంది. కుందూ నది చుట్టుపక్కల జొన్న, శనగ, మినుము, పత్తి. జనవరి చివరికి ముందు వేసిన శనగ కోతకు వచ్చి ఉంటుంది, ఆలస్యంగా వేసినవి ఇంకా పచ్చగా ఉంటాయి. పచ్చటి చేను కనిపిస్తే ఆగి రైతును పలకరించండి. వానలెట్లున్నాయన్నా అంటే చాలు, ఆ తర్వాత మాట్లాడేది ఆయనే. చేనుకు మందు కొట్టలేదని ఆయన చెబితేనే, ఆకు మీద వేలు రాసి నాలుకకు తాకించుకోండి. పుల్లగా ఉంటుంది. శనగ ఆకు నూగులోంచి పులుపు ఊరుతుంది, మంచు పడిన రోజుల్లో ఇంకా బాగా తెలుస్తుంది. పూర్వం రాత్రి పలచటి బట్ట చేను మీద పరిచి, తెల్లారి పిండి, ఆ పులుసు కడుపు నొప్పికి దాచుకునేవాళ్లు. చెప్పులతో చేలోకి దిగొద్దు. పచ్చి శనగ కట్టలు రోడ్డు పక్క అమ్ముతుంటే కొని కారులో ఒలుచుకుంటూ పోండి.

కోయిలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరి తీశారు. ఆయన ఊరు ఉయ్యాలవాడ ఈ పక్కనే. నంద్యాలలో టీ తాగి, పాణ్యం మీదుగా కర్నూలు, అక్కడి నుంచి హైదరాబాద్. ఆ రోజు చివర హైవే తప్పదు, రాత్రి అవుతుంది. డ్రైవింగ్ మీ ఇద్దరికీ వస్తే పంచుకోండి.

ఇక సేఫ్టీ. సినిమాల్లో సుమోలు గాల్లోకి లేచే సీమ గురించి అడుగుతున్నారని అర్థమైంది. ఆ టెన్షన్ వదిలేయండి. ఈ దారిలో మీరు ఎక్కడ ఆగినా ఇద్దరు ముగ్గురు వచ్చి యాడికి పోతాండారు, బండికేమన్నా అయిందా అని అడుగుతారు. అది ఆరా తీయడం కాదు, పలకరింపు. మీరే నీళ్లు అడిగితే మజ్జిగ ఇస్తారు. ఆడవాళ్లతో, పిల్లలతో వచ్చినవాళ్లకు ఇంకా సాయం చేస్తారు. మర్యాద విషయం ఒకటే, చేల పక్క, రాళ్ల చాటున కూర్చుని మందు తాగడం చూస్తే ఊరివాళ్లకు కోపం వస్తుంది, రావాలి కూడా.

అసలు ముప్పు రోడ్డు మీదే ఉంటుంది. పంట కోతల రోజుల్లో రైతులు జొన్న కంకులు, కందికట్టె రోడ్డు మీద పరిచి బండ్లతో తొక్కిస్తారు. కారు కింద చుట్టుకుంటే సైలెన్సర్ వేడికి అంటుకునే ప్రమాదం ఉంది. పక్కకు దారి ఉంటే పక్కనే పోండి, లేదంటే ఆగి, వాళ్లు కర్రతో జరిపేదాకా చూడండి. సాయంత్రం గొర్రెల మందలు రోడ్డెక్కుతాయి. హారన్ కొడితే చెదిరి అడ్డం పడతాయి, ఇంజిన్ ఆపేసి నిలబడితే రెండు నిమిషాల్లో రెండు పక్కలా దాటి పోతాయి. పొద్దు గుంకాక ఈ చిన్న రోడ్ల మీద ఉండొద్దు. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీని మించిన ముప్పు ఇక్కడ లేదు. జనవరిలో వాన పడదు గానీ, మీ ప్రయాణం అక్టోబరు, నవంబరుకు మారితే రెండు సంగతులు. వంక (వాగు) రోడ్డు మీద పారుతుంటే ఆర్టీసీ బస్సు దాటిందని మీరు దిగొద్దు, చిన్న కారు తేలిపోతుంది. నల్లరేగడిలో తారు రోడ్డు దిగి పక్కకు ఆపొద్దు. అరగంట వానకే ఆ మట్టి టైరుకు, మడ్‌గార్డుకు మధ్య నిండిపోయి చక్రం తిరగదు, ట్రాక్టర్ పిలవాల్సిందే.

కంపచెట్ల నీడలో బండి పెట్టకండి, ముళ్లు. వేపచెట్టు వెతుక్కోండి. స్టెప్నీలో గాలి ఉందో లేదో హైదరాబాద్‌లోనే చూసుకోండి. బనగానపల్లె, తాడిపత్రి, జమ్మలమడుగుల్లో బంకులున్నాయి, సగం దిగగానే నింపుకోండి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, కొండల మధ్య సిగ్నల్ పోతుంది. మ్యాప్ దగ్గరి దారి అని పొలాల మధ్యకు తిప్పితే నమ్మొద్దు, ఆటో ఆపి అడగండి.

కారు లేకపోయినా ఇదంతా కుదురుతుందా అని మీ ప్రశ్న కింద ఇంకొకరు అడిగారు. కుదురుతుంది, ఇంకా బాగుంటుంది. నంద్యాల–ఎర్రగుంట్ల రైలు బనగానపల్లె, కోయిలకుంట్ల, సంజామల, జమ్మలమడుగు మీదుగా పోతుంది, నల్లరేగడి మొత్తం కిటికీలోంచి కనబడుతుంది. రైళ్లు తక్కువ కాబట్టి టైం చూసుకుని మిగతా ప్లాన్ వేసుకోవాలి. ఊళ్ల మధ్య పల్లెవెలుగు బస్సులు, చివరి ఐదారు కిలోమీటర్లకు షేర్ ఆటోలు. బస్సులో ఎడమ వైపు ముందు సీటు దొరికితే కారు కన్నా ఎక్కువ కనిపిస్తుంది, డ్రైవర్ పక్కన మాటలూ వినబడతాయి.

లేపాక్షి కోసం ఇంకోసారి రండి. అప్పుడు పెనుకొండ నుంచి మొదలుపెట్టి లేపాక్షి, వీరాపురం, ఆ తర్వాత కదిరి వైపు తిప్పుకోండి. వీరాపురంలో ఏడాది మొదట్లో ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊళ్లో చింతచెట్ల మీదే గూళ్లు కడతాయి, ఇళ్ల మధ్యే. ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడపిల్లల్లా చూసుకుంటారు. చప్పుడు చేస్తే మిమ్మల్నే కోప్పడతారు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను దాదాపు ఐదెకరాలు, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఎండలో అక్కడికి చేరి, ఊడల కింద మధ్యాహ్నం గడపడమే దాన్ని చూడటం. కడప నుంచి అయితే సిద్ధవటం కోట చూసి, లంకమల పక్కగా బద్వేలు రోడ్డు. అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ కనిపించింది ఆ పొదల్లోనే. కానీ ఆ రోడ్డు మీదే ఉండండి, పక్క బాటల్లోకి కారు తిప్పొద్దు. ఎర్రచందనం అడవి అది, టాస్క్‌ఫోర్స్ వాళ్లకు సమాధానం చెప్పుకోవాల్సి వస్తుంది. కడప నుంచి రాయచోటి వైపు పోతే గువ్వలచెరువు దగ్గర పాలకోవా కొనుక్కోండి, ఘాట్ మలుపులన్నీ దాటాకే తినండి.

టెంట్ సంగతి. గండికోటలో అద్దెకు ఇచ్చేవాళ్లున్నారు, మీది మోసుకుపోనక్కర్లేదు. లోయ అంచున మాత్రం వద్దు. రాత్రి గాలికి మేకులు రాతి నేలలో దిగవు, దిగినా పట్టు నిలవదు. నిద్రలో లేచిన పిల్ల ఏ వైపు నడుస్తుందో చెప్పలేం. వేయాలనుంటే హరిత హోటల్ చుట్టుపక్కల, మిగతా టెంట్లున్న చోట వేయండి, బాత్రూం దగ్గర్లో ఉంటుంది. తిండి పొట్లాలు టెంట్‌లో పెట్టకండి, కోతులు పొద్దున్నే జిప్పు తీసేస్తాయి. జనవరి రాత్రి చలి ఉంటుంది, పాపకు రెండు దుప్పట్లు తెచ్చుకోండి. నా ఓటు మాత్రం గదికే. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవాలి కదా.